పాసింజర్ రైల్లో ఎంబీఏ

ఎంబీఏ అనగానే అద్దాల భవనాలూ, మెడలో టైలూ, ఒళ్లో లాప్‌టాప్‌లూ గుర్తొస్తాయి. కానీ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆ చదువు మొదటి ఏడాది చాలామందికి పాసింజర్ రైల్లో, పల్లెవెలుగు బస్సులో గడుస్తుంది. కిటికీ పక్కన సీటు దొరికితే చాలు... సిలబస్ సగం బయటే కనిపిస్తుంది!

సోమవారం. ఇంకా పూర్తిగా తెల్లారలేదు. పలాస స్టేషన్లో విశాఖ వెళ్లే పాసింజర్ బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. పాత పెట్టెలు పోయి మెమూలు వచ్చినా జనం నోట్లో అది ఇప్పటికీ పాసింజరే. కూరగాయల గంపలు, కూలిపనికి వెళ్లేవారి సంచులు, ఆసుపత్రికి బయల్దేరిన ముసలివాళ్లు. వాళ్ల మధ్య కిటికీ పక్కన ఒక అమ్మాయిని ఊహించుకోండి. ఒళ్లో బ్యాగు. అందులో లావుపాటి అకౌంటింగ్ పుస్తకం. దాని పక్కనే వారానికి సరిపడా ఆవకాయ ఉన్న స్టీలు డబ్బా. ఎచ్చెర్లలో ఎంబీఏ మొదటి సంవత్సరం. ఆదివారం ఇంటికొచ్చి సోమవారం మళ్లీ హాస్టలుకి. పేరెందుకు? ఇలాంటి అమ్మాయిలు ఈ లైన్లో ప్రతి పెట్టెలోనూ ఉంటారు.

ఎదురు సీట్లో మామ్మ ఊరుకోదు కదా.

''ఏటి సదువుతున్నావమ్మా?''

''ఎంబీఏ మామ్మా.''

''డాక్టరు సదువా?''

''కాదు, అది ఎంబీబీఎస్. ఇది... వ్యాపారం గురించిన చదువు.''

''వ్యాపారానికి సదువేటే? మా ఊల్లో జీడిపిక్కలు కొనే సావుకారి ఏటి సదివినాడని?''

పెట్టెలో నలుగురూ నవ్వుతారు. అమ్మాయి కూడా నవ్వేస్తుంది గానీ, ఆ ప్రశ్న మాత్రం బ్యాగులో పుస్తకంకన్నా బరువుగా కూర్చుంటుంది. నిజమే, ఈ చదువెందుకు? మొదటి ఏడాదంతా ఆమె వెతుక్కునేది దానికి జవాబే.

పౌనుకు ఎన్ని గింజలు?

రైలు కదిలింది. వెనక్కి పోతున్నది పలాస-కాశీబుగ్గ. జీడిపప్పుకు పెట్టింది పేరు. ఇక్కడి వీధుల్లో నడుస్తుంటేనే కాల్చిన పిక్కల వాసన ముక్కుకి తగులుతుంది. వందల సంఖ్యలో చిన్నా పెద్దా పరిశ్రమలు. చుట్టూ ఉద్దానం తోటల్లో పండే పిక్కలు చాలక ఆఫ్రికా దేశాల నుంచి ఓడల్లో తెప్పించుకుంటారు. పిక్కను ఉడికించడం లేదా కాల్చడం, పెంకు కొట్టడం, ఆరబెట్టడం, పైపొర తీయడం, ఏరడం, డబ్బాల్లో నింపడం... ఒక్క గింజ ఎన్ని చేతులు మారుతుందో! అందులో ఎక్కువ చేతులు ఆడవాళ్లవే.

అమ్మాయి అమ్మ చేతులు కూడా వాటిలోవే. పెంకులో ఉండే జిగురునూనె చర్మాన్ని తినేస్తుంది. బూడిదో నూనెో రాసుకుని కూర్చున్నా వేళ్ల చివర్లు నల్లబడక మానవు. ఆ నూనెకీ బయట గిరాకీ ఉంది. రంగుల తయారీకీ వాహనాల బ్రేకు లైనింగులకీ వాడతారు. చేతిని కాల్చేది కూడా సరుకే!

జీడిపప్పు గ్రేడ్ల సంగతి తెలుసా? డబ్బా మీద 180, 210, 240, 320 అని అంకెలుంటాయి. ఒక పౌను, అంటే 454 గ్రాముల తూకానికి సుమారు ఎన్ని గింజలు తూగుతాయో చెప్పే లెక్క అది. అంకె తగ్గేకొద్దీ గింజ పెద్దది, ధర ఎక్కువ. 180 నంబరు అన్నిటికన్నా ఘనం. 320 రకం ఎక్కువగా అమ్ముడుపోయేది. ఇక గింజ విరిగిందా... గుండు కాస్తా బద్ద అయిపోతుంది. బద్ద ఇంకా చితికితే ముక్క. ఒక్కో మెట్టు దిగుతున్నకొద్దీ ధర కూడా దిగుతుంది. అమ్మాయికి ఇవన్నీ చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసినదంతా చదువు కిందికి వస్తుందని మాత్రం తెలియదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. వరి పోతే మరుసటి ఏడు మళ్లీ వేసుకోవచ్చు. జీడిమొక్క నాటితే కాపు కోసం ఏళ్లు ఎదురుచూడాలి. తోట ఉన్నవాడికి పంట పోయింది, తోట లేనివాడికి పని పోయింది. మేనేజ్‌మెంట్ పుస్తకాల్లో 'రిస్క్' అనే అధ్యాయం ఉంటుంది. దాన్ని ఉద్దానం పిల్లలు స్కూల్లో ఉండగానే చదివేశారు.

కరిగిపోయే స్టాకు

పలాస దాటి కాసేపటికి నౌపడ. ఉప్పు మడులకు పేరున్న చోటు. సముద్రపు నీటిని మడుల్లో కట్టి ఎండకు వదిలేస్తే ఉప్పు తేరుతుంది. ముడిసరుకుకు ఖర్చు లేదు, ఇంధనం సూర్యుడే. వినడానికి ఇంతకన్నా లాభసాటి వ్యాపారం ఉండదనిపిస్తుంది కదూ? కానీ ఎండ బాగా కాస్తే ఉప్పు ఎక్కువవుతుంది, ధర పడిపోతుంది. అకాల వర్షం కురిస్తే ధర పెరుగుతుంది, ఉప్పు కరిగిపోతుంది! మడి దగ్గర ఉప్పు ధరకీ, పట్నంలో కొట్టు దగ్గర ప్యాకెట్ ధరకీ పోలికే ఉండదు. మొదటి సెమిస్టరులో మేనేజీరియల్ ఎకనామిక్స్ అనే సబ్జెక్టు ఉంటుంది. గిరాకీ, సరఫరా గీతలు ఎక్కడ కలుసుకుంటాయో నేర్పుతారు. నౌపడ మడిలో నిలబడి ఆకాశం వైపు చూసే మనిషికి ఆ రెండు గీతలూ రోజూ కనిపిస్తాయి.

శ్రీకాకుళం రోడ్డు చేరేలోగా వంశధార వస్తుంది. వేసవిలో ఇసుక, వానాకాలంలో ఎర్రనీళ్లు. వంతెన మీద రైలు చప్పుడు మారగానే నిద్రపోతున్నవాళ్లు లేచి సంచులు సర్దుకుంటారు.

'ఏటి' అంటే నవ్వారు

స్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్డు. నిజానికి అది ఆమదాలవలసలో ఉంది. అక్కడ దిగి బస్సో ఆటోో పట్టుకుని శ్రీకాకుళం, అక్కడి నుంచి జాతీయ రహదారి మీద ఎచ్చెర్ల. ఒకప్పుడు అక్కడ ఆంధ్రా యూనివర్సిటీ పీజీ సెంటర్ ఉండేది. దాన్నే 2008లో విశ్వవిద్యాలయం చేశారు. ఇప్పుడది డాక్టర్ బి.ఆర్.అంబేడ్కర్ విశ్వవిద్యాలయం. అదే రహదారి మీద విశాఖ వైపు పోతే రణస్థలం, పైడిభీమవరం ఔషధ పరిశ్రమలు కనిపిస్తాయి. తరగతిలో కూర్చున్న ప్రతి ఒక్కరి కళ్లలోనూ ఆ కంపెనీల గేట్లే.

ఈ ప్రాంతానికి ఎంబీఏ మరీ కొత్తదేమీ కాదు. అమెరికాలో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ 1908లో మొదలైంది. విశాఖలోని ఆంధ్రా యూనివర్సిటీ 1957లోనే ఎంబీఏ కోర్సు పెట్టింది. అహ్మదాబాద్, కలకత్తా ఐఐఎంలు పుట్టింది 1961లో. అంటే వాటికన్నా ముందే అన్నమాట! 2015లో విశాఖకే ఒక ఐఐఎం వచ్చింది. దాని సొంత ప్రాంగణం ఉన్న గంభీరం విజయనగరం వెళ్లే వైపే. ఆ గేటు ముందు నుంచి బస్సులో పోతూ కాసేపు తలతిప్పి చూడని ఎంబీఏ విద్యార్థి ఈ జిల్లాల్లో ఉండడు.

ఐఐఎంకి వెళ్లాలంటే క్యాట్. ఇక్కడికి రావాలంటే ఐసెట్. రెండున్నర గంటల్లో 200 ప్రశ్నలు. ఏ డిగ్రీ చదివినా రాయొచ్చు. అందుకే మొదటి రోజు తరగతి సంతలా ఉంటుంది. ఒకరు బీకాం, ఇంకొకరు బీఎస్సీ, మరొకరు బీటెక్. పక్కన బీఏ చరిత్ర. బీకాం వాళ్లకు డెబిట్, క్రెడిట్ మంచినీళ్లు. చరిత్ర చదివిన అబ్బాయికి అవి రెండూ ఏటీఎం కార్డుల పేర్లు!

మొదటి వారంలో 'సెల్ఫ్ ఇంట్రడక్షన్' ఉంటుంది. ఒక్కొక్కరూ లేచి ఇంగ్లిష్‌లో రెండు నిమిషాలు మాట్లాడాలి. పేరు, ఊరు వరకూ బండి బాగానే నడుస్తుంది. ఆ తర్వాతే ఎత్తు మొదలవుతుంది. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లకి చెమటలు పడతాయి. మన అమ్మాయి తడబడింది. సార్ అడిగింది వినబడక, ఖంగారులో ''ఏటి సార్?'' అంది. అంతే, వెనక బెంచీలో నవ్వులు. ఆ రోజు నుంచి రెండు నెలల పాటు ఆమె తరగతిలో నోరు విప్పలేదు. ఇంగ్లిష్ రాదన్న బెంగ కాదు, అసలు నోరు తెరిస్తే ఏ ఊరిదో తెలిసిపోతుందన్న బెంగ.

విచిత్రం ఏమిటంటే, వాడుక మాటకు గౌరవం ఇప్పించిన గడ్డ ఇదే. గిడుగు రామమూర్తి పంతులు పుట్టింది శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో. 1863 ఆగస్టు 29న. ఆ రోజునే తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. జనం మాట్లాడే తెలుగులోనే చదువులు సాగాలని జీవితమంతా పోరాడిన మనిషి ఆయన. సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు కూడా రాశారు. ఆ జిల్లాలోనే ఒక పిల్ల 'ఏటి' అన్నందుకు తలదించుకుంటోంది!

చిట్టా, ఆవర్జా, ఒక అప్పు కథ

అకౌంటింగ్‌లో జంట పద్దు విధానం గురించి పాఠం. వచ్చింది డెబిట్, పోయింది క్రెడిట్. 1494లో వెనిస్‌లో లూకా పాచోలీ అనే సన్యాసి అచ్చువేసిన గణిత పుస్తకంలో ఈ పద్ధతిని వివరించాడని చెబుతారు. చాలామంది నోట్సు రాసుకుని ఊరుకుంటారు. తాత కొట్లో గుమస్తాగా పనిచేసిన అబ్బాయి మాత్రం అడుగుతాడు... ''సార్, ఇది మన చిట్టా ఆవర్జాయే కదా?'' రోజువారీ పద్దు చిట్టా. పేరుపేరునా ఉండేది ఆవర్జా. పేరు మారేసరికి తెలిసినదే తెలియనట్టు అయిపోయింది.

శ్రీకాకుళంలో అకౌంటింగ్ విద్యార్థులు తప్పక చూడాల్సిన చోటు ఒకటుంది. కథానిలయం. లెక్కల మాస్టారుగా పనిచేసిన కథకుడు కాళీపట్నం రామారావు 1997లో మొదలుపెట్టిన కథల గ్రంథాలయం. 'కారా మాస్టారు' 2021లో కన్నుమూశారు. 1964లో ఆయన రాసిన 'యజ్ఞం' ఒక అప్పు చుట్టూ తిరుగుతుంది. అసలెంత, వడ్డీ ఎంత, తీర్చాల్సింది ఎవరు, పల్లె పెద్దలు చెప్పే న్యాయం ఎవరి పక్షం... అన్నీ అందులో ఉన్నాయి. అప్పు ఎంతో చిట్టా చెబుతుంది. ఆ అప్పు కింద ఎవరు నలిగారో చెప్పదు. దానికి కథ కావాలి.

అదే సీటు, ఇంకో ప్రయాణికుడు

పలాస అమ్మాయి దిగిపోయిన సీటు ఎంతోసేపు ఖాళీగా ఉండదు. రైలు నాగావళి దాటి పొందూరులో ఆగుతుంది. అక్కడ ఎక్కిన కుర్రాడు అదే కిటికీ పక్కన కూర్చుంటాడు. అతనూ ఎంబీఏ మొదటి ఏడాదే. విజయనగరంలో ఒక ప్రైవేటు కాలేజీ. రోజూ రైల్లో రావడం పోవడం. హాస్టలు ఖర్చు మిగులుతుందని.

ఈ ఇళ్లలో ఫీజు కూడా ఒక సబ్జెక్టే. 2020 డిసెంబరులో వచ్చిన 77వ నంబరు జీవో ప్రైవేటు కాలేజీల్లో పీజీలో చేరేవాళ్లను ఫీజు పథకం నుంచి తప్పించింది. విద్యార్థి సంఘాలు రోడ్డెక్కాయి. ఆ ఏళ్లలో సీటు ఎక్కడొచ్చిందనేదాన్ని బట్టే చదవాలా మానాలా అన్నది తేలింది. అక్క పెళ్లికి దాచినది తమ్ముడి మొదటి సెమిస్టరుకు పోయిన ఇళ్లూ ఉన్నాయి. ఇంటి పెద్దాయన రాత్రిపూట కాగితం మీద వేసే ఆ లెక్కను పుస్తకాల్లో 'క్యాపిటల్ బడ్జెటింగ్' అంటారు. ఇవాళ పెట్టేది ఎంత, రేపు వచ్చేది ఎంత, వస్తుందన్న నమ్మకం ఎంత?

కుర్రాడి నాన్న మగ్గం మీద పనిచేస్తాడు. పొందూరు ఖద్దరు నేత. గాంధీజీ మెచ్చిన బట్ట. అక్కినేని నాగేశ్వరరావు ఇష్టంగా కట్టిన పంచె. ఇక్కడి కొండపత్తి, పునాసపత్తి నుంచి సన్నని నూలు వస్తుంది. దూదిని శుభ్రం చేయడానికి వాలుగ చేప దవడ ఎముకను వాడతారు. దానికుండే సన్నని పళ్లు దువ్వెనలా పనిచేస్తాయి. ఏ యంత్రమూ అంత మెత్తగా దువ్వలేదంటారు పొందూరు ఆడవాళ్లు. దువ్విన దూదిని ఏకి, ఏకులు చేసి, రాట్నం మీద వడికి, ఆ తర్వాత మగ్గం. ఒక పంచె వెనక ఇంటిల్లిపాది రోజులు ఉంటాయి.

మార్కెటింగ్ క్లాసులో నాలుగు 'పి'ల పాఠం. ప్రొడక్ట్, ప్రైస్, ప్లేస్, ప్రమోషన్. ఉదాహరణలన్నీ అమెరికా కూల్‌డ్రింకులూ జపాన్ కార్లూ. క్లాసయ్యాక ఒక మిత్రుడు అడిగాడు. ''మీ నాన్న నేసే పంచె అంత రేటెందుకురా? ఆన్‌లైన్‌లో పొందూరు ఖాదీ అని సగానికే వస్తోంది!'' కుర్రాడికి కోపం వచ్చింది. జవాబు మాత్రం రాలేదు. ఆ రాత్రి నాన్న పక్కన కూర్చుని మొదటిసారి అడిగాడు... పత్తి ఎంత, వడకడానికి ఎన్ని రోజులు, నేతకు ఎన్ని రోజులు, చేతికి వచ్చేదెంత. ఇరవై రెండేళ్లుగా అదే ఇంట్లో ఉంటున్నాడు. ఆ ప్రశ్న ఎన్నడూ అడగలేదు!

లెక్క తేలాక అర్థమైంది. మిల్లు బట్టతో ధరలో పోటీ పడితే పొందూరు ఎప్పటికీ గెలవదు. అమ్మాల్సింది బట్టను కాదు, అది నిజంగా ఆ చేతులతోనే తయారైందన్న నమ్మకాన్ని. నకిలీ దోచుకుపోయేది కూడా దాన్నే. అదే విజయనగరం జిల్లాలో బొబ్బిలి వీణ ఉంది. గొల్లపల్లిలో ఒకే పనసదుంగను తొలిచి చేస్తారు. భౌగోళిక గుర్తింపు తెచ్చుకుంది. పెద్ద వీణ కొనేవాళ్లు తక్కువని జ్ఞాపికలుగా ఇచ్చే బుల్లి వీణలూ చేయడం మొదలుపెట్టారు. సరుకు మారలేదు, కొనేవాడు మారాడు. ఏ ప్రొఫెసరూ ఆ కళాకారులకు 'మార్కెట్ సెగ్మెంటేషన్' అని చెప్పలేదు.

మంట, నార, మరో రాజాం

చీపురుపల్లి దాటాక గరివిడి. ఈ చుట్టుపక్కల మాంగనీసు గనుల తవ్వకం 19వ శతాబ్దం చివరినాటిది. ఆ ఖనిజం ఆధారంగానే ఇక్కడ ఫెర్రో అల్లాయ్స్ పరిశ్రమ వెలిసింది. ఉక్కు తయారీలో కలిపే మిశ్రలోహాలు చేస్తారు. ఆ పరిశ్రమకు కరెంటే తిండి. కొలిమిలో ఖనిజం కరగాలంటే అంత విద్యుత్తు కావాలి. యూనిట్ ధర నాలుగు మెట్లు ఎక్కితే లాభం కాస్తా ఆవిరి. కొలిమి ఆరితే ఊళ్లో టీకొట్టు దాకా ఆరిపోతుంది. 'బ్రేక్ ఈవెన్ పాయింట్' అంటే ఏమిటో గరివిడిలో టీకొట్టు యజమానిని అడిగినా చెబుతాడు.

తర్వాత నెల్లిమర్ల. జనపనార మిల్లు ఊరు. ఈ రెండు జిల్లాల రైతులు పండించిన గోగునార ఎన్నో ఏళ్లు జూట్ మిల్లులను నడిపింది. ప్లాస్టిక్ సంచి వచ్చింది, గోనెసంచికి గడ్డురోజులు మొదలయ్యాయి. ధాన్యం, పంచదార లాంటివాటికి గోనెసంచులే వాడాలని 1987లో కేంద్రం చట్టం చేయాల్సి వచ్చింది. విజయనగరం జిల్లా జూట్ కార్మికులకు లాకౌట్ అనే ఇంగ్లిష్ మాటకు అర్థం చెప్పనక్కర్లేదు. 'బిజినెస్ ఎన్విరాన్‌మెంట్' పేపరులో ప్రభుత్వ విధానం పరిశ్రమను ఎలా ప్రభావితం చేస్తుందో రాయమని అడుగుతారు. నెల్లిమర్ల ప్లాట్‌ఫారం మీద ఏ పాత కార్మికుణ్ని పలకరించినా పది మార్కుల జవాబు దొరుకుతుంది.

రైలుమార్గానికి దూరంగా రాజాం ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినప్పుడు శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చింది. అక్కడ జనపనార వ్యాపారం చేసుకునే కుటుంబంలో పుట్టిన గ్రంథి మల్లికార్జునరావు విమానాశ్రయాలు కట్టే స్థాయికి ఎదిగారు. 2008లో తెరుచుకున్న శంషాబాద్ విమానాశ్రయం జీఎమ్మార్ సంస్థ కట్టిందే. 2023 మేలో శంకుస్థాపన జరిగిన భోగాపురం విమానాశ్రయ నిర్మాణాన్నీ ఆ సంస్థే చేపట్టింది. కాలేజీల్లో కొత్త బ్యాచ్ వచ్చినప్పుడల్లా పెద్దలు ఈ ఉదాహరణ చెబుతారు. చెప్పాల్సిందే. కాకపోతే ఆ కథ విన్న కుర్రాళ్లు రైల్లో ఇంకో మాట అనుకుంటారు. ఒకే నార. ఒకరిని విమానాశ్రయం దాకా తీసుకెళ్లింది. వేలమందిని మిల్లు గేటు దగ్గరే ఆపేసింది. ఎందుకని? మంచి ప్రశ్న. రెండేళ్ల కోర్సు చాలనంత పెద్ద ప్రశ్న.

కోట ఊళ్లో

విజయనగరం. 1713 నాటి కోట, మూడు లాంతర్లు, సంగీత కళాశాల. చదువులకు ఈ ఊరు పాత చుట్టం. మహారాజా కాలేజీ 1857లో పాఠశాలగా మొదలై 1879లో కళాశాల అయింది. గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తి చిన్నప్పుడు సహాధ్యాయులు ఇక్కడే. 1958లో ఏర్పడిన మాన్సాస్ ట్రస్టు ఆధ్వర్యంలో ఇప్పుడు ఇంజినీరింగ్ నుంచి ఎంబీఏ దాకా ఉన్నాయి.

'కన్యాశుల్కం' తొలిసారి రంగస్థలం ఎక్కింది 1892లో ఈ ఊళ్లోనే. నాలుగు ఇంగ్లిష్ ముక్కలు విసిరి పబ్బం గడుపుకునే గిరీశాన్ని గురజాడ అప్పుడే చూపించారు. ఎంబీఏ మొదటి ఏడాదిలో ప్రతి తరగతిలోనూ ఒక గిరీశం ఉంటాడు! 'సినర్జీ', 'లెవరేజ్', 'వాల్యూ యాడ్'... ఒకటే వరస. మొదటి సెమిస్టరులో అందరూ అతన్ని చూసి జంకుతారు. మార్కులు వచ్చాక జంకు పోతుంది. మాట వేరు, విషయం వేరు అని తెలుసుకోవడానికి ఒక సెమిస్టరు ఖర్చవుతుంది. అది దండగ ఖర్చు కాదు.

దసరా తర్వాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. పొడవాటి చింతమాను చివర కూర్చున్న పూజారి ఆకాశంలో ఊగుతూ గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతాడు. లక్షల జనం. ఆ రోజు కాలేజీకి ఎవరూ రారు. మొదటి ఏడాది పిల్లలు ఈసారి జాతరను కొత్త కళ్లతో చూస్తారు. ఇంతమందికి మజ్జిగ ఎవరు పోస్తున్నారు? తోవ ఎవరు కడుతున్నారు? ఎవరు ఎవరికి చెబుతున్నారు? ఆర్గనైజేషన్ చార్టు లేదు. జీతాలు లేవు. అయినా ఎవరి పని వాళ్లకు తెలుసు. ఏ కంపెనీ అయినా అసూయపడే సంగతి అది.

లేబర్ కాస్ట్ అంటే...

రెండో సెమిస్టరు. ఎచ్చెర్ల. విద్యార్థులే ఒక స్థానిక వ్యాపారాన్ని ఎంచుకుని దాని లెక్కలు చెప్పాలి. ఒక జట్టు జీడిపప్పు తీసుకుంది. పలాస అమ్మాయి ఆ జట్టులో ఉంది. బోర్డు మీద పట్టిక వేశారు. ముడి పిక్కలు, ఇంధనం, కూలి, ప్యాకింగ్, రవాణా, బ్యాంకు వడ్డీ. 80 కిలోల పిక్కల బస్తాకి పప్పు వచ్చేది సుమారు నాలుగో వంతు. లాభం పెరగాలంటే ఏం చేయాలి? ప్రశ్న పడగానే ముందు బెంచీ నుంచి జవాబు వచ్చింది.

''లేబర్ కాస్ట్ తగ్గించాలి సార్.''

తప్పు జవాబేమీ కాదు. పుస్తకంలో ఉన్నదే. కానీ ఆ గడిలో ఉన్నది అంకె కాదు, అమ్మ. వేళ్లు నల్లబడిన అమ్మ. ఆ కూలితోనే ఈ పుస్తకం కొన్నారు. ఖర్చు తగ్గించమంటే ఎవరిని తగ్గించమని?

అమ్మాయి లేచింది. సగం ఇంగ్లిష్, సగం తెలుగు. అందులో మళ్లీ సగం ఉద్దానం తెలుగు. చెప్పింది మాత్రం లెక్కే. పొర తీసేవాళ్లకు కూలి కిలోల లెక్కన ఇస్తారనుకోండి. రేటు తగ్గిస్తే ఇల్లు గడవడానికి వాళ్లు వేగం పెంచుతారు. వేగం పెరిగితే గింజ విరుగుతుంది. గుండు బద్ద అవుతుంది. బద్ద ధర గుండు ధర కాదు. కూలిలో మిగిలిన రూపాయికన్నా గ్రేడులో పోయే రూపాయిలే ఎక్కువ. ''సార్, లాభం మిషన్లో లేదు. విరక్కుండా తీసే చేతిలో ఉంది. ఆ చెయ్యి ఖర్చు కాదు, ఆస్తి.''

ఎవరూ నవ్వలేదు. సార్ సుద్దముక్క తీసుకుని బోర్డు మీద కొత్త గడి గీశారు... 'విరిగిన గింజల నష్టం'. అంతకుముందు ఆ పట్టికలో ఆ వరసే లేదు.

దీంతో పలాసలో కూలిరేట్లు మారిపోయాయా? లేదు. ఆ అమ్మాయికి ఉద్యోగం వచ్చేసిందా? అదీ లేదు. మొదటి ఏడాది పూర్తవగానే సమ్మర్ ప్రాజెక్టు. కొందరు హైదరాబాద్, కొందరు విశాఖ, కొందరు పైడిభీమవరం. ఏడాది తర్వాత వాళ్లలో చాలామంది ఈ జిల్లాలు దాటిపోతారు. తాతలు కూలికి పోయిన దారిలోనే మనవలు ఆఫీసులకు పోతారు. తప్పుపట్టడానికి లేదు. ఇక్కడ జీతం ఇచ్చే గేట్లు తక్కువ. పోయేవాడికి తన ఊరి లెక్క తెలిసి పోవడం, తెలియక పోవడం... తేడా అక్కడే ఉంది. తెలిసి పోయినవాడు ఎప్పుడో ఒకప్పుడు తిరిగి రావడానికి కారణం వెతుక్కుంటాడు. కనీసం 'మీ దగ్గర ఏముందిరా?' అని ఎవరైనా అడిగితే తలదించుకోడు.

మళ్లీ సోమవారం. మళ్లీ అదే పాసింజర్. పొందూరు కుర్రాడు ఎక్కబోయే సీట్లో ఇప్పుడింకా పలాస అమ్మాయే ఉంది. వాళ్లిద్దరూ ఒకరినొకరు ఎన్నడూ చూసుకోలేదు. చూసుకుంటే చెప్పుకోవడానికి చాలా ఉంది. ఎదురుగా ఎవరో ఇంకో మామ్మ. ప్రశ్న మాత్రం పాతదే.

''ఏటి సదువుతున్నావమ్మా?''

అమ్మాయి ఈసారి తడుముకోలేదు. దాచుకోనూ లేదు.

''ఎంబీఏ మామ్మా. ఎవరి కష్టం ఎంతో లెక్క కట్టే సదువు.''

మామ్మ కాసేపు ఆలోచించింది. నోట్లో చుట్ట తీసి కిటికీ బయటికి ఒకసారి చూసి, అసలు మాట అనేసింది.

''లెక్క కడితే సరిపోద్దేటమ్మా? ఇప్పించాల గాని!''